వంతెన కూలిన తర్వాతి కథ

మొదటి భాగం గొప్పది, రెండోది దాని కాలిగోటికి కూడా చాలదు అని లోకమంతా ఏకగ్రీవంగా తీర్మానించేసిన సినిమాలు కొన్ని ఉంటాయి. పోయిన వారం మా అమ్మాయి మేఘన అలాంటి జంట ఒకటి దొరకబుచ్చుకుని టీవీలో పెట్టింది. ఒక చేతిలో ఫోను, అందులో ఎవరెవరో ఇచ్చిన మార్కులు. సినిమా ఇంకా మొదలు కాకముందే తీర్పులు చదివేయడం ఈ కాలపు పిల్లల పద్ధతి. "అమ్మా, ఇనప మనిషి సినిమా నీకు తెలుసా? మొదటిది మాస్టర్‌పీసట, రెండోది శుద్ధ దండగట" అంది. చపాతీ పిండి కలుపుతున్న దాన్ని చెయ్యి ఆపేశాను. తెలుసన్నాను. రెండూ చూశానన్నాను. "మరి ఏది బాగుంది?" అనడిగింది. దానికి జవాబు చెప్పడం అంత తేలికైన పని కాదు. ఎందుకంటే రెండోది నేను హాల్లో కూర్చుని పూర్తిగా చూశాను. మొదటిది చివరిదాకా ఎన్నడూ చూడలేదు. పైగా నేను చూసిన మొదటి భాగాన్ని, ఆ మార్కులు వేసిన మహానుభావుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా చూసి ఉండరు. అది బోరిగుమ్మలో, మా తాతగారి చింతపండు గోదాములో తప్ప ఇంకెక్కడా ఆడలేదు.

చింతపండు గోదాము వాసన తెలియని వాళ్ళకు ఎలా చెప్పను? లోపల అడుగు పెట్టగానే నోట్లో నీళ్ళూరతాయి, కళ్ళు సన్నగా మండుతాయి, కాసేపటికి ఆ పులుపు అలవాటైపోయి నిద్ర ముంచుకొస్తుంది. మా తాత చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి ఉప్పూ కిరోసినూ అమ్ముకోవడానికి ఒడిశా కొండలెక్కి వచ్చి, బోరిగుమ్మ సంతలో స్థిరపడిపోయాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంటికి ఆనుకుని గోదాము. ఎండాకాలం వచ్చిందంటే కొండల మీద నుంచి చింతకాయ దిగేది. మా మామ్మ, అంటే నాయనమ్మ, పొద్దున్నే గంజి వార్చేసి, ముంగిట్లో చాప పరిపించి, ఇంటి ఆడవాళ్ళనందరినీ గింజ తీయడానికి కూర్చోబెట్టేది. చెక్క సుత్తితో ఒక దెబ్బ, వేళ్ళతో ఒక చీలిక, గింజ ఒక పక్కకి, పండు ఒక పక్కకి. మధ్యాహ్నానికి అందరి వేళ్ళూ గోధుమ రంగులోకి తిరిగిపోయేవి. ఆ చేతుల్లో అన్నిటికంటే చురుకైనవి మా మేనత్తవి. పేరు వరలక్ష్మి, మాకు వరాలత్త. ఆవిడ పని చేస్తుంటే చూస్తూ కూర్చోవడం నాకొక కాలక్షేపం. సుత్తి చప్పుడు ఎక్కడా తడబడేది కాదు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులో ఆ చప్పుడు వినిపించి మెలకువ వస్తుంది, లేచి చూస్తే పక్కింటి వాళ్ళు గోడకు మేకు కొడుతూ ఉంటారు.

అత్త మా ఇంట్లో ఉండటానికి కారణం మావయ్య. ఆయనది సొంత లారీ. కొండ సరుకు దించి, కింది నుంచి ఉప్పు, ఉల్లిపాయ తెచ్చేవాడు. ఒక వానాకాలం, కల్యాణసింగ్‌పూర్ దగ్గర రోడ్డు మీంచి నాగావళి పొంగి పారుతుంటే, దాటేయొచ్చులే అనుకున్నాడు. నీళ్ళు తగ్గాక లారీ దొరికింది. మనిషి దొరకలేదు. ఎన్ని ఊళ్ళు వెతికినా దొరకలేదు. మా తాత ఎముకలు కొరికే వానలో ఏటి గట్టు వెంబడి రాయగడ దాకా నడిచి వచ్చాడు. శవం దొరకని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపించాలని శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దలు చెప్పారు. అత్త ఒప్పుకోలేదు. "ఆడు గజీతగాడు. ఏట్లో పడ్డాడని సెప్పేరు. పోనాడని ఎవులైనా సూసి సెప్పేరేటి?" అని ఒకే ఒక్క మాట అడిగి, బొట్టు మరింత పెద్దది పెట్టుకుని గింజలు తీయడానికి కూర్చుంది. నెలలు గడిచాయి. మామ్మ చాటుగా ఏడ్చేది. పెద్దలు వస్తూనే ఉన్నారు, ఏడాది తిరిగేలోగా జరిపించాలంటూనే ఉన్నారు. ఇంట్లో ఎవరూ నది అన్న మాట ఎత్తేవాళ్ళు కాదు. చివరికి రేడియోలో వరదల వార్త వస్తే కూడా మా నాన్న లేచి వెళ్ళి గొంతు తగ్గించేవాడు.

ఇక సూరి చిన్నాన్న. అత్తకు తమ్ముడు, మా నాన్నకూ తమ్ముడే, ఇంట్లో అందరికంటే చిన్నవాడు. కొట్లో కూర్చోబెడితే తూకం వేస్తూ వేస్తూ కథ చెప్పడంలో పడిపోయి, కొనడానికి వచ్చిన మనిషిని మధ్యాహ్నం దాకా నిలబెట్టేసే రకం. జయపురంలో ఎవరో వదిలించుకుంటున్న పాత వీసీఆర్‌ని పట్టుకొచ్చి, తాతను బతిమాలి, సంత రోజున బేరాలు పలచబడ్డాక గోదాములో వీడియో సినిమాలు వేయడం మొదలుపెట్టాడు. కిటికీలకు గోనె పట్టాలు దిగేసేవాడు. పట్టాల చిరుగుల్లోంచి సూదంత వెలుగు దారాలుగా లోపలికొచ్చి, చింతపండు దుమ్ములో నిలబడేది. టీవీ కాటా బల్ల మీద, జనం బస్తాల మీద. అల్లం అమ్ముకోవడానికి కొండ దిగొచ్చిన దేశియా వాళ్ళు, మా తెలుగు కోమట్లు, వలసలొచ్చిన కుట్టుపని వాళ్ళు, అందరూ. తెచ్చేవేమో ఇంగ్లీషు సినిమాలు. ఎవరికీ ఇంగ్లీషు రాదు. అందుకని చిన్నాన్న బట్టలు కొలిచే గజం బద్ద పట్టుకుని టీవీ పక్కన నిలబడి, సగం తెలుగులో, సగం ఆ కొండవాళ్ళ దేశియా భాషలో కథ చెప్పేవాడు. ఆయనకు మాత్రం ఇంగ్లీషు వచ్చని ఎవరన్నారు? జయపురంలో కేసెట్టు అద్దెకిచ్చే కొట్టులోనే కూర్చుని ముందు ఒకసారి సినిమా అంతా చూసొచ్చేవాడు. బొమ్మను బట్టి కథ అల్లుకునేవాడు. మా ఊళ్ళో సినిమా అంటే బొమ్మ ఒక సగం, చిన్నాన్న గొంతు ఒక సగం. గొంతు లేకుండా బొమ్మ చూడొచ్చని నాకు పెద్దయ్యేదాకా తెలియదు.

అలా వచ్చిందే ఇనప మనిషి సినిమా. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ, కథ పెద్దదేం కాదు. రాబోయే కాలంలో భూమ్మీద గింజ మొలవడం మానేస్తుంది. ఒక ఆడమనిషి దగ్గర చిన్న సంచిలో కాసిని మంచి విత్తనాలుంటాయి. వాటిని తగలబెట్టాలని ఒక మూక తరుముతూ ఉంటుంది. ఆవిడకు కాపలాగా ఇనుముతో చేసిన మనిషిని ఆ రాబోయే కాలం వాళ్ళు వెనక్కి, మన కాలంలోకి పంపుతారు. చిన్నాన్న ఆ సైన్సంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మన మనవల మనవలు కాలం రైలెక్కించి పంపించేరు, అంతే" అన్నాడు. అందరికీ అర్థమైపోయింది. ఇనప మనిషి నోరు విప్పి మాట్లాడడు. మా మామ్మకు అతను తెగ నచ్చేశాడు. "అన్నం అడగడు, ఎదురు సెప్పడు, పని మానడు. ఇలాటోడు ఇంటికొకడుంటే సాలు" అని, ఆ పూట నుంచి గౌరవంగా ఇనపాయన అని పిలవడం మొదలుపెట్టింది. ఊరంతా అదే పేరు ఖాయం చేసింది. చివర్లో నది మీద వంతెన. ఆవిడ సంచి పట్టుకుని పరిగెడుతుంటే, తెగిపోతున్న వంతెనను ఇనపాయన భుజం మీద మోస్తాడు. ఆవిడ అవతలి గట్టు చేరుతుంది. వంతెన ఆయనతో సహా నదిలో కూలుతుంది.

సరిగ్గా అక్కడ తెర నల్లబడింది. "టేపు నలిగిపోనాది! కేసెట్టు పోనాది!" అని చిన్నాన్న తల పట్టుకున్నాడు. జనం గోల. నేను పొట్టిదాన్నని అందరికంటే ముందు, వీసీఆర్ పక్కనే కూర్చున్నాను. టేపు నలగలేదు. చిన్నాన్న వేలు మీట నొక్కడం నా కళ్ళతో చూశాను. తలెత్తి చూస్తే ఆయన మొహం మీద చెమటలు. నా వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పి, వెనక చివరి బస్తా మీద కూర్చున్న అత్త వైపు చూశాడు. అత్త చీర కొంగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. నాకు చిన్నతనమే అయినా విషయం అర్థమైంది. ఆ నదిలో ఇనపాయన ఏమవుతాడో చిన్నాన్న జయపురంలోనే చూసొచ్చాడు. అది అత్త చూడకూడదు. ఇనప మనిషి వస్తున్నాడని అప్పటికే సంతంతా పొక్కిపోయింది కాబట్టి సినిమా వేయక తప్పలేదు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నన్నెవరూ అడగనూ లేదు.

"సివరికేటైంది సూరిబాబూ?" అని జనం లేవకుండా కూర్చున్నారు. చిన్నాన్న గజం బద్ద కింద పెట్టాడు. నల్లటి తెర ముందు నిలబడి, మెల్లగా మొదలుపెట్టాడు. "ఇనుం మునుగుద్ది. మునిగితే ఏటి? ఆయనకి ఊపిరితో పనేటి? ఏటి అడుగున నిలబడ్డాడు. లేసేడు. నడిసేడు. సేపలు పక్కనించి ఎల్తన్నాయి. రాళ్ళు, ఇసక, నాచు. ఆయన నడస్తనే ఉన్నాడు. నీళ్ళు నడుం కాడికొచ్చేయి, మోకాలి కాడికొచ్చేయి. గట్టెక్కేసేడు." గోనె పట్టాల వెలుగు దారాలు పొడుగై, నేల మీద పాకుతున్నాయి. అప్పుడు వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. పెద్దలకు ఎదురు చెప్పిన రోజు తర్వాత నలుగురిలో ఆవిడ గొంతెత్తడం అదే మొదటిసారి. "ఏ ఊరి గట్టురా సూరీ?" చిన్నాన్న తడబడ్డాడు. ఆ ఇంగ్లీషు నదికి మన ఊళ్ళెక్కడివి? అయినా అక్కకు జవాబు చెప్పాడు. "తోటపల్లి అప్పా."

ఆ కేసెట్టు తర్వాత ఇంక జయపురానికి తిరిగి వెళ్ళలేదు. కొనేసుకున్నాం. కొత్త సినిమా ఏది తెచ్చినా, అది అయ్యాక ఇనపాయనను వేయమని జనం అడిగేవాళ్ళు. ప్రతిసారీ వంతెన కూలేది, ప్రతిసారీ చిన్నాన్న వేలు మీట నొక్కేది, ప్రతిసారీ ఆ చివరి బస్తా మీంచి అదే ప్రశ్న వచ్చేది. చిన్నాన్న ఒకసారి పాలకొండ అనేవాడు, ఒకసారి శ్రీకాకుళం అనేవాడు, ఒకసారి రాయగడ దిగువన జొన్నచేల పక్కన అనేవాడు. ఊరిని బట్టి కథ మారేది. పాలకొండలో ఇనపాయన ఒక ముసలమ్మకు కట్టెలు కొట్టిపెట్టేవాడు. శ్రీకాకుళంలో తుప్పు పట్టిన మోకాళ్ళకు నువ్వులనూనె రాయించుకునేవాడు. నాగావళి గట్టున ఉన్న ఊళ్ళన్నీ అయిపోయాయి గానీ, కల్యాణసింగ్‌పూర్ పేరు మాత్రం ఆయన నోటి వెంట రాలేదు. ఎలా వస్తుంది? సంతకు వచ్చినవాళ్ళు ఆ చివరి కథ కోసమే వచ్చేవాళ్ళు. నిజం చెప్పాలంటే సినిమాలో ఉన్న పోరాటాలు, పేలుళ్ళు, లారీల తరుముకోవడాలు ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేవు. నీళ్ళడుగున ఒక మనిషి నిదానంగా నడుస్తూ రావడం మాత్రం స్పష్టంగా గుర్తుంది, ఆ బొమ్మ ఎక్కడా లేదని తెలిసి కూడా.

మరుసటి ఎండాకాలం అనుకుంటాను, ఒక మధ్యాహ్నం అత్త గోదాములోంచి మొహం కడుక్కుని వచ్చి, మామ్మ ముందు నిలబడి, "కర్మ సేయించండి" అంది. ఇంట్లో అందరూ నివ్వెరపోయారు. పెద్దలు చెప్పగా చెప్పగా మెత్తబడింది కాబోలనుకున్నారు. దర్భ బొమ్మ చేశారు, జరగాల్సింది జరిగింది. బొట్టు మాత్రం తీయనంది. మామ్మ కూడా బలవంతం చేయలేదు. కానీ సంత రోజు వచ్చేసరికి అత్త మళ్ళీ అదే బస్తా మీద కూర్చుంది, వంతెన కూలగానే మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. పైకి ఒప్పుకుంది గానీ లోపల ఇంకా ఎదురు చూస్తోందని చిన్నాన్న నమ్మకం. అందుకని మీట నొక్కడం మానలేదు. వీసీఆర్ల కాలం పోయేదాకా మానలేదు.

కాలం రైలు మనల్ని ఎక్కించుకోవడానికి టికెట్టేం అడగదు. నేను చదువుకుని రాయగడలో ఒక చిన్న బడిలో పంతులమ్మనయ్యాను. ఇంటింటికీ డిష్ గొడుగులొచ్చాయి. చిన్నాన్న వీసీఆర్ మూలపడింది. ఆయన కొన్నాళ్ళు సెమిలిగుడలో లారీ డ్రైవర్లకు పాటల సీడీలు అమ్మి, అదీ లాభం లేదని మళ్ళీ కొట్టులోకే వచ్చి కూర్చున్నాడు. అలాంటి రోజుల్లో ఒకసారి సెలవులకు నేను బోరిగుమ్మ వచ్చాను. అత్త బస్సుల వైపు వెళ్ళి, ఎప్పుడూ లేనంత హడావిడిగా తిరిగొచ్చింది. "ఓలమ్మి, రాయగడ బస్సు ఎనకాల ఇనపాయన కాయితం అంటించి ఉందే! రెండో భాగమంట. తెలుగులో మాటాడతాడంట. ఎల్దాం పద." చిన్నాన్న చేతిలో పట్టుకున్న పప్పు గరిట అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆయన వేసిన వేషాలు ఇన్నీ అన్నీ కావు. కడుపులో నొప్పన్నాడు. హాల్లో నల్లులన్నాడు. రాయగడ దాకా వెళ్ళాక మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని వచ్చేద్దాం, సినిమాకి టైం ఉండదన్నాడు. "అమ్మవారు ఎప్పుడూ ఉంటాది. ఇనపాయన నాలుగు రోజులే" అని అత్త సంచీ సర్దేసింది.

కోరాపుట్ నుంచి రాయగడకు రైలు కొండల్లోంచి వెళుతుంది. ఒక సొరంగం వదిలితే ఇంకొక సొరంగం. చీకటి, లోయ, మబ్బు, మళ్ళీ చీకటి. అత్త కిటికీ పక్కన కూర్చుంది. చీకటి పడినప్పుడల్లా కిటికీ అద్దంలో ఆవిడ మొహం, మొహం మీద పెద్ద బొట్టు కనపడేవి. వెలుగు రాగానే ఆ చోట అడవి వచ్చేది. మొహం, అడవి, మొహం, అడవి. నాకది కలలా ఉంది. ఒక సొరంగంలో చిన్నాన్న నా చెవి దగ్గరకు వంగి, "ఆయన సచ్చిపోయినట్టు సూపించేత్తే ఏటి సేద్దామే?" అన్నాడు. అన్ని సంవత్సరాల తర్వాత ఆ మీట సంగతి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఆయన చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది.

రెండో భాగం సరాసరి నది అడుగునే మొదలైంది. మా ఇనపాయన వెల్లకిలా పడి ఉన్నాడు. ఒళ్ళంతా నాచు పట్టింది. చేపలు ఛాతీలోంచి లోపలికీ బయటికీ ఈదుతున్నాయి. ఎన్నో ఏళ్ళ క్రితం అతను ఇక్కడే అంతమయ్యాడు అని గంభీరమైన తెలుగు గొంతొకటి పలికింది. నేను అత్త వైపు చూసే ధైర్యం చేయలేకపోయాను. అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు గట్టిగా లేచింది. "మిఛ! మిఛ కథా! ఆయన గట్టెక్కేసేడు!" అబద్ధమని ఒడియాలో అరుస్తున్నది బోరిగుమ్మ సంతలో అల్లం అమ్మే ఇంటి కుర్రాడు, రాయగడకు కూలి పనికి వచ్చినవాడు, పేరు బుదురా. చిన్నప్పుడు మా గోదాములో బస్తాల మీద పెరిగినవాడే. హాల్లో వాళ్ళు కూర్చోమని కేకలేశారు. వాడు కూర్చోలేదు. సినిమా తీసినవాళ్ళు కథ మార్చేశారని వాడి కోపం. అంత డబ్బు పెట్టి సినిమా తీస్తూ, మొదటి భాగం ఒకసారి సరిగ్గా చూసుకోలేదా అని వాడి బాధ. ఆ పొరపాటు మా బోరిగుమ్మ సంత వాళ్ళకు తప్ప లోకంలో ఎవరికీ సాధ్యం కాదు.

విరామంలో వాడు మమ్మల్ని చూసేశాడు. పరుగున వచ్చి చిన్నాన్న ముందు నిలబడ్డాడు. "సూరిబాబూ, నువ్వే సెప్పాల. ఆయన గట్టెక్కినాడా లేదా?" చుట్టూ నలుగురు చేరారు. చిన్నాన్న అక్క వైపు చూశాడు. ఎక్కాడంటే ఇంతసేపూ తెర మీద చూసిందేమిటని అక్క అడుగుతుంది. లేదంటే ఆవిడ ఇన్నేళ్ళుగా పట్టుకున్నది ఆయన చేతులతోనే లాగేసినట్టవుతుంది. అత్త ఆయన చేతిలోని వేరుశెనక్కాయల పొట్లం తీసుకుని, నాలుగు గింజలు బుదురా చేతిలో పోసింది. "గట్టెక్కేడు నాయినా. ఈళ్ళు సూడనేదు, అంతే" అంది. వాడు తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు. మేము లోపలికెళ్ళి మిగతా సగం చూశాం. ఊళ్ళకు ఊళ్ళు కూలాయి, ఆకాశం తగలబడింది, కొత్త ఇనప మనుషులు బోలెడు మంది వచ్చి ఒకరినొకరు విరుచుకుని, ఆపకుండా మాట్లాడారు. మొదటి దాంట్లో నోరు విప్పని జాతి, రెండో దాంట్లో ఊపిరాడనివ్వలేదు. గింజల సంచి సంగతి అందరూ మర్చిపోయారు.

తిరుగు రైలు కోసం రాయగడ ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. సాయంత్రపు ఎండ పట్టాల మీద పసుపు రాసినట్టుంది. చిన్నాన్న ఇక తట్టుకోలేకపోయాడు. "అప్పా, నానొకటి సెప్పాల. ఆ కేసెట్టు..." అన్నాడు. "సెప్పకురా. నాకు తెల్సు" అంది అత్త. చీర కొంగుతో మొహం తుడుచుకుని, పట్టాల వైపు చూస్తూ చెప్పింది. "ఆ ఎండాకాలం నువ్వు జయపురం ఎల్లినపుడు నానొక్కదాన్నే గోదాంలో మిసను పెట్టుకున్నాను. వంతెన కాణ్ణించి సివరిదాకా సూసేను. ఆయన మునిగిపోనాడు. కళ్ళల్లో దీపం ఒకటి ఆరిపోనాది, మరోటి ఆరిపోనాది. గట్టు మీద ఆ పిల్ల ఎంత పిలిసినా లెగనేదు. కూకోని ఏడిసేను. లెగిసి మొకం కడుక్కోని, కర్మ సేయించండని అమ్మతో సెప్పేను." ఆ మధ్యాహ్నం నాకు గుర్తొచ్చింది, గోదాములోంచి వచ్చిన ఆ తడి మొహం. చిన్నాన్న చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "మరి ఇన్నేళ్ళూ సంతకి సంతకీ ఎందుకొచ్చి కూకున్నావప్పా?" "నిజం ఒకపాలి సూత్తే సాలురా. నువ్వు సెప్పింది ఎన్నిసార్లిన్నా తనివి తీరదు."

నేనే అడిగాను, "ఈ రెండోది ఎలా ఉందత్తా?" అని. ఆవిడ నిజంగానే ఆలోచించింది, చింతపండు నాణ్యం చూసేటప్పుడు ఆలోచించినట్టు. "బానే తీసేరమ్మీ. మంటలు బాగున్నాయి. కానీ ఎక్కడ ఆపాలో తెలిసినోడు పక్కన లేడు" అంది. ఆ తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే సూరీ, అన్ని ఊళ్ళూ సెప్పేవు గానీ కల్యాణసింగ్‌పూర్ మాత్రం ఒక్కనాడూ సెప్పనేదు. ఎక్కడ మునిగేడో అక్కడే పైకి రాకూడదేటి?" ఈలోగా రైలొచ్చింది, అందరం ఎక్కేశాం. మళ్ళీ ఆ మాట రాలేదు. తర్వాత కొన్నేళ్ళకు అత్త వెళ్ళిపోయింది, బొట్టుతోనే.

ఇప్పుడు మా విజయనగరం ఇంట్లో చింతపండు ప్లాస్టిక్ పొట్లంలో వస్తుంది, గింజ తీసేసి, వాసన కూడా తీసేసి. ఏ సినిమా అయినా ఏ క్షణమైనా దొరుకుతుంది. చివరిదాకా చూడొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, ముందుకు దూకించొచ్చు. చూసిన దాని మీద ఊరూ పేరూ లేని వాళ్ళ తీర్పులు వేలాదిగా చదువుకోవచ్చు. ఇది చెడ్డదని నేననను. నా కూతురికి ఇంగ్లీషు వచ్చు, దానికి గజం బద్ద పట్టుకున్న చిన్నాన్న అవసరం లేదు. కానీ మొదటి భాగం మాస్టర్‌పీసని అది ఎవరో రాసింది చదివి వినిపిస్తుంటే నాకు కోపం వచ్చింది. మీకేం తెలుసు అనిపించింది. ఆ సినిమాను గొప్పది చేసిన చెయ్యి పేరు ఏ టైటిళ్ళలోనూ పడలేదు. ఇనపాయన తెర మీద వంతెన కిందికి భుజం ఇచ్చాడు. పిండి చేతులు తుడుచుకుని వచ్చి మేఘన పక్కన కూర్చున్నాను. వంతెన కూలింది. రిమోటు తీసుకుని ఆపేశాను.

"ఏంటమ్మా, అసలు ఘట్టం ఇప్పుడే కదా!" అంది మేఘన. నేను బోరిగుమ్మకు ఫోను చేశాను. చిన్నాన్నకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు, కొట్టు మూసేశాడు, మధ్యాహ్నాలు గోదాము అరుగు మీద కునుకు తీస్తుంటాడు. ఫోను స్పీకరులో పెట్టి గట్టిగా, "చిన్నాన్నా, వంతెన కూలింది" అన్నాను. అవతల దూరంగా ఒక లారీ హారను వినిపించింది. తర్వాత గొంతు సవరించుకున్న శబ్దం.

"ఇనుం మునుగుద్ది. మునిగితే ఏటి?" అన్నాడు చిన్నాన్న. గొంతు పలచబడింది, దగ్గొస్తోంది, అయినా ఇనపాయన నది అడుగున లేచి నిలబడ్డాడు. చేపలు వచ్చాయి, రాళ్ళు వచ్చాయి, నాచు వచ్చింది. నీళ్ళు నడుం దగ్గరికి, మోకాలి దగ్గరికి దిగాయి. మేఘన చేతిలోని ఫోను ఎప్పుడు పక్కన పెట్టేసిందో నేను చూడలేదు. ముందుకు వంగి, నేను చెప్పకుండానే, "ఏ ఊరు తాతయ్యా?" అని అడిగింది.

చిన్నాన్న తడబడలేదు.

"కల్యాణసింగ్‌పూరమ్మీ. ఎక్కడ మునిగేడో అక్కడే పైకొచ్చేడు. గట్టు మీద మా అప్ప కూకోనుంది. ఇంత ఆలీసమైందేటని అడిగింది."